గుంజ ఎవాల్డ్ కొట్టిన బొగ్గు

ఎవాల్డ్ కొజోక్ పరుగెత్తుతుండగా చూశానని మా రొజాలియా కాలనీలో ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడు తాగి ఉన్నాడనే అనుకోవాలి. అలాంటి మనిషి యుద్ధం అయిపోయిన దగ్గర్నుంచీ మా గని ఫుట్‌బాల్ జట్టుకి సెంటర్ ఫార్వర్డ్. అవతలివాళ్ళ గోల్ ముందు, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, ట్రాము కోసం ఎదురుచూసేవాడిలా నిలబడేవాడు. మిగతావాళ్ళు బురదలో పడి దొర్లి, మోకాళ్ళు చెక్కుకుపోయి, ఎలాగో బంతిని అక్కడిదాకా తెస్తే ఇతను కాలు జానెడు కదిపేవాడు. గోల్! మర్నాడు పేపర్లో ఇతని పేరు. ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తాల్సిన లైన్‌మన్ కిందికి దిగేవాళ్ళకి దీపాలిచ్చే మా గని దీపాల గదిలో పనిచేసేవాడు కనక సొంత మైదానంలో ఆ బాధ కూడా లేదు.

మేమతనికి 'గుంజ' అని పేరు పెట్టాం. గుంజకీ ఇతనికీ తేడా అల్లా, గుంజ ఆదివారం పూట అత్తారింట్లో భోజనానికి కూర్చోదు.

పుట్టింది మా వరసలోనే, మా గుమ్మానికి నాలుగు గుమ్మాల అవతల. ఎర్ర ఇటుకల ఇల్లు, ఎర్ర రంగు కిటికీ చట్రాలు, వెనక కుందేళ్ళ గూళ్ళు, అటక మీద పావురాలు. అందరికీ ఉన్నవే. పిల్లలందరం బంతి వెంట పడి చచ్చేవాళ్ళం. ఇతను గోడకి ఆనుకుని, "ఇటే వస్తుందిలేరా, ఎక్కడికి పోతుంది!" అనేవాడు. వచ్చేది కూడా. అదీ మా ఖర్మ. దేవుడు కొందరికి కష్టపడే గుణం ఇస్తాడు, కొందరికి బంతి ఎక్కడ పడుతుందో ముందే తెలిసే గుణం ఇస్తాడు. ఈ రెండోవాళ్ళు మొదటివాళ్ళని చూసి జాలిపడుతుంటారు.

యుద్ధంలో జర్మన్లు మా కుర్రాళ్ళకి తమ యూనిఫాం తొడిగించి తీసుకుపోయారు. చాలామంది తిరిగి రాలేదు. ఎవాల్డ్ వచ్చాడు. వెళ్ళినప్పటికంటే లావెక్కి మరీ వచ్చాడు. అక్కడ పటాలం జట్టులో ఆడాడట. తర్వాత ఇంగ్లీషువాళ్ళకి చిక్కి బందీల జట్టులో ఆడాడట. "యుద్ధం ఎలా ఉందిరా?" అని అడిగితే, "మైదానాలే బాగాలేవు" అన్నాడు.

యుద్ధం అయ్యాక రాజధాని వార్సాలో వచ్చిన కొత్త ప్రభుత్వం జర్మన్ వాసన కొట్టే పేర్లన్నీ మార్చుకోమంది. మాలో కొందరు ఏడ్చారు, కొందరు ఆఫీసులో బల్లలు గుద్దారు. ఎవాల్డ్ మాత్రం, "ఇందుకోసం మళ్ళీ ఇంకోసారి రావాలా?" అని అడిగి, అక్కర్లేదనగానే సంతకం గీకేశాడు. ఆ రోజునుంచీ పేపర్లకి ఎడ్వర్డ్. మాకు ఎవాల్డే.

ఆడినందుకు జీతం ఇవ్వడం అప్పట్లో నేరం. ఆటగాడు కూడా శ్రామికుడే, పని అయ్యాక సరదాకి ఆడతాడు అని పైవాళ్ళ మాట. అందుకని మా జట్టులో ప్రతివాడికీ గనిలో ఏదో ఒక కొలువు ఉండేది. గోల్‌కీపర్ ఎలక్ట్రీషియన్, ఇంట్లో బల్బు మాడిపోతే పక్కింటివాళ్ళని పిలిచేవాడు. ఎవాల్డేమో కాగితం మీద బొగ్గు కొట్టేవాడు. గనిలో అన్నిటికంటే కష్టమైన పని అది, అన్నిటికంటే మంచి జీతమూ అదే. ఏడాదికి సరిపడా బొగ్గు అందరిలాగే అతని గుమ్మంలోనూ పోసేవాళ్ళు. గనివాళ్ళని కాచే సెయింట్ బార్బరా పండగనాడు మేమంతా నల్లకోటూ ఈకల టోపీ వేసుకుని ఊరేగుతాం కదా, ఆ కోటు కాలనీ మొత్తంలో ఎవాల్డ్‌కి నప్పినట్టు ఇంకెవరికీ నప్పేది కాదు. మాకు భుజాలు ఒంగిపోయి ఉండేవి మరి.

అతను చేసుకున్నది తెయోఫిల్ మోల్ కూతురు త్రూదాని. తెయోఫిల్ అసలైన బొగ్గు కొట్టేవాడు. ఆయన ముఠాలోనే నేను కొయ్య దూలాలు నిలబెట్టేవాణ్ణి. నా వెన్నుమీద కొండ కూలకుండా ఆయన, ఆయన నెత్తిమీద కొండ కూలకుండా నేను, ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం కాచుకుంటూ బతికాం. అల్లుడి గురించి ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒకసారి మాత్రం అన్నాడు: "మా త్రూదాకి చిన్నప్పటినుంచీ బొమ్మలంటే ఇష్టం. పెద్ద బొమ్మే దొరికింది."

ఇలా సుఖంగా సాగిపోయేదే. కామ్రేడ్ విల్గాకి ఆలోచన రాకపోతే.

విల్గా మా గనిలో పార్టీ కార్యదర్శి, ఫుట్‌బాల్ క్లబ్బుకి అధ్యక్షుడు కూడా. మా ప్రాంతానికి హద్దైన బ్రినిత్సా ఏటి అవతలినుంచి వచ్చిన మనిషి. మా యాస వింటే ముక్కు చిట్లించేవాడు, మా వంట వడ్డిస్తే మాత్రం చిట్లించేవాడు కాదు. ఆ వసంతంలో గని అనుకున్నంత బొగ్గు తియ్యలేక వెనకబడింది. పైనుంచి అక్షింతలు పడుతున్నాయి. సరిగ్గా అప్పుడే వార్సా నుంచి ఒక పేపరాయన, మైదానంలోనూ గనిలోనూ వీరుడైన శ్రామికుడు ఎవరైనా ఉన్నారా అని వాకబు చేస్తూ వచ్చాడు. విల్గాకి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఎవాల్డ్‌ని మా ముఠా దగ్గరికి తెచ్చారు. కాళ్ళకి గుడ్డ చుట్టుకోవడం కూడా రాక బూట్లలో వట్టి పాదాలు పెట్టుకున్నాడు. లిఫ్టు దగ్గరికి రాగానే ఆగిపోయాడు.

"ఇది ఎంత లోతు పోతుంది?" అని నా చెవిలో అడిగాడు.

"నువ్వు ఇందులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నావు గదా, నువ్వే చెప్పాలి" అన్నాను నేను, పేపరాయనకి వినపడేట్టు.

కిందికి దిగుతున్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. గోళ్ళ గుర్తులు రెండు రోజులు పోలేదు. కింద అతని మొహం తెల్లగా, పిండిలా మెరిసిపోతుంటే ఫొటో తీసేవాడు ఇది పనికిరాదన్నాడు. తెయోఫిల్ గుప్పెడు బొగ్గుపొడి తీసుకుని అల్లుడి బుగ్గలకి రుద్దాడు.

"కదలకు. పెళ్ళికొడుకుని చేస్తున్నాను."

గాలిసుత్తి చేతికిచ్చారు. అకార్డియన్ వాయించేవాడిలా దాన్ని పొట్టకి హత్తుకున్నాడు. "నవ్వండి కామ్రేడ్!" అన్నాడు ఫొటో ఆయన. నవ్వుతూ ఎక్కడ నొక్కాడో ఏమో, సుత్తి ఒక్క గెంతు గెంతింది. ఎవాల్డ్ వెనక్కి, టోపీ ముందుకి. ఇంకోసారి తీశారు. అంతటితో పైకి వెళ్ళిపోయాడు. ఆ పూట మేమందరం కొట్టిన బొగ్గు మొత్తం టబ్బులకెత్తి అతని పేరున రాయించాడు విల్గా. కాకిని కొట్టి గద్దకి వేశాడన్నమాట. "ఒక్క పూటకే గదయ్యా, మీకు వేరేగా సర్దుతాను" అన్నాడు. సర్దనూ లేదు, మేం అడగనూ లేదు. ఆ రోజుల్లో అడిగినవాళ్ళు ఏమయ్యేవాళ్ళో మాకు తెలుసు.

పేపర్లో సగం పేజీ వేశారు. "గోల్‌లోనూ బొగ్గులోనూ ముందే! ముగ్గురు మనుషుల పని ఒక్కడే చేసిన ఎడ్వర్డ్ కొజోక్." బొమ్మలో నిజంగానే వీరుడిలా ఉన్నాడు. త్రూదా కత్తిరించి స్టవ్ పైన గోడకి అతికించింది.

ఇక్కడిదాకా ఎవాల్డ్ తప్పేమీ లేదు. నిలబడమంటే నిలబడ్డాడు, అతనికి తెలిసిన విద్యే అది. కానీ పేపర్లో వచ్చినదాన్ని రోజూ చూసుకుంటూ ఉంటే మనిషికి ఏదో అవుతుంది. శనివారం సారాకొట్లో బీరు గ్లాసు పట్టుకుని, మా ముఠా అంతా వింటుండగా అన్నాడు:

"మీరు ఊరికే ఒళ్ళు హూనం చేసుకుంటారుగానీ, అదేమంత కష్టమైన పని కాదు. ఒడుపు తెలియాలంతే."

తెయోఫిల్ గ్లాసు బల్లమీద పెట్టి, టోపీ పెట్టుకుని, ఇంటికి వెళ్ళిపోయాడు. బీరు సగం అలాగే ఉండిపోయింది. ఆ కొట్లో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

నెల తిరక్కుండా గని గేటు దగ్గర కొత్త నోటీసు అంటించారు. ఆదివారాలు ఆడుతూ కూడా కామ్రేడ్ కొజోక్ మూడింతలు చేయగలిగితే, ఆడని కామ్రేడ్లు ఒకటిన్నర రెట్లు చేయలేకపోవడం ఏమిటి? ఇకనుంచి మనిషి కొట్టాల్సిన బొగ్గు ఇంత, అని. పాత లెక్క అందుకోవడానికే మా నాలుకలు బయటికి వస్తున్నాయి. జీతాలు తరిగిపోయాయి. కిటికీ గట్టున వేసుకున్న దిండ్లమీద మోచేతులు ఆనించుకుని వీధి చూసే ఆడవాళ్ళు, ఎవాల్డ్ వస్తున్నాడంటే కిటికీ రెక్కలు దబ్బున మూసేవాళ్ళు. మంగలి గెరార్డ్ అతని మొహానికి సబ్బు రాసి, ఒక బుగ్గ గీసి, "మిగతాది నువ్వే గీసుకో. ఒడుపు తెలియాలంతే" అని కత్తి మడిచేశాడు.

ఆ ఆదివారం మోల్ వారింట్లో భోజనానికి నేనూ ఉన్నాను. మాంసం చుట్టలు, ఎర్ర క్యాబేజీ, మధ్యలో గుంట నొక్కిన బంగాళదుంప కుడుములు. తెయోఫిల్ పళ్ళెం తన వైపుకి లాక్కుని, అల్లుడి ముందు ఒకే ఒక్క కుడుము పెట్టాడు.

"ఇదేంటి మామా?"

"తిను. మూడు తిన్నట్టు పేపర్లో వేయిస్తా."

ఎవాల్డ్ అత్తవైపు చూశాడు. ఆవిడ గోడవైపు చూసింది. త్రూదాయే నోరు తెరిచింది.

"మా నాన్న నిన్న రాత్రి దగ్గి దగ్గి బకెట్లో నల్లగా ఉమ్మాడు. నువ్వు కొట్టిన బొగ్గేనయ్యా అదంతా. వెళ్ళి ఆ విల్గాకి చెప్పు, అది అబద్ధమని."

వెళ్ళాడు పాపం. విల్గా కుర్చీ వేసి, సిగరెట్టు ఇచ్చి, మెల్లగా చెప్పాడు.

"కామ్రేడ్ ఎడ్వర్డ్, పేపర్ అబద్ధం చెబుతుందా?"

"చెప్పదండీ."

"మరి నువ్వు బొగ్గు కొట్టలేదంటున్నావు. అలాగైతే ఇన్నేళ్ళూ బొగ్గు కొట్టేవాడి జీతం ఎందుకు తీసుకున్నట్టు? దాన్నేమంటారో తెలుసా?"

ఎవాల్డ్ సిగరెట్టు వెలిగించుకోకుండానే తిరిగొచ్చాడు.

ఆ పై వారం సొంత మైదానంలో ఆట. జనం నిండుగా వచ్చారు, కానీ చప్పుడు లేదు. బంతి తన్నిన శబ్దం వినపడుతోంది, పక్క వీధిలో కుక్క మొరిగింది కూడా వినపడుతోంది. మా కుడి అంచున ఆడే రూదెక్ తండ్రి, అన్న, ఇద్దరూ గనిలోనే. రూదెక్ బంతిని గోల్ దాకా తెచ్చి, ఎవాల్డ్ కాలి ముందునుంచే అవతలికి తన్నేశాడు. ఎడమవైపువాడూ అంతే. గుంజ నిలబడే ఉంది, దాని చుట్టూ బంతి తిరుగుతోంది. రెండో సగంలో ఇక ఆగలేక ఎవాల్డ్ పరుగెత్తాడు. నిజమే, పరుగెత్తాడు! మొదట చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను, నేను తాగి లేను. మోచేతులు రెక్కల్లా ఎగరేస్తూ, పొట్ట ఊపుకుంటూ సగం మైదానం పరుగెత్తి, తన జట్టువాడి కాలికే తగిలి బోర్లాపడ్డాడు. అంతసేపూ బిగపట్టుకున్న జనం అప్పుడు నవ్వారు. చాలాసేపు నవ్వారు.

సోమవారం పొద్దున త్రూదా అతని చేతిలో రొట్టె మూటా టీ డబ్బా పెట్టి, గుమ్మం బయటికి నెట్టి, గడియ వేసింది. లోపల్నుంచి అంది: "బొగ్గు కొట్టేవాణ్ణి పెళ్ళాడానని రిజిస్ట్రారు రాశాడు. వెళ్ళి కొట్టు."

మాతో పాటు దిగాడు. ఈసారి కాళ్ళకి గుడ్డ తెయోఫిలే చుట్టాడు. మామా అల్లుళ్ళకి పక్కపక్కనే విడి విడి చోట్లు ఇచ్చారు. ఎవాల్డ్ ఒళ్ళు దాచుకున్నాడని నేననను. నిజంగా కొట్టాడు. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి, సుత్తి మోసి మోసి భుజం ఊడిపోయినంత పనైంది, మధ్యాహ్నానికి రొట్టె నోటిదాకా ఎత్తలేక మోకాలి మీద పెట్టుకుని కుక్కలా ఒంగి తిన్నాడు. ఇంతా చేసి షిఫ్టు అయ్యేసరికి మనిషి కొట్టాల్సినదాంట్లో పదో వంతు కొట్టాడు.

ఇక్కడే విల్గా తీసిన గోతిలో విల్గా పడ్డాడు. కొత్త నోటీసు అంటించిన రోజే గేటు దగ్గర వీరుల బోర్డు ఒకటి పెట్టించి, దానిమీద అందరికంటే పైన ఎడ్వర్డ్ కొజోక్ పేరు ఎర్ర రంగుతో రాయించాడు. ఏ రోజు ఎంత కొట్టాడో ఆ రోజు సాయంత్రం సుద్దతో రాయాలి, అది చూసి మిగతావాళ్ళు సిగ్గుపడాలి అని తనే నియమం పెట్టాడు. ఇన్నాళ్ళూ ఎవాల్డ్ దిగనే లేదు కాబట్టి గుమస్తా దయతలిచి ఏదో ఒక పెద్ద అంకె వేస్తుండేవాడు. ఇప్పుడు మనిషి దిగాడు, బొగ్గు టబ్బుకి తన నంబరు బిళ్ళ కట్టాడు, తూకం అయింది. గుమస్తా ముసలివాడు, భయస్తుడు. తూచినదే రాశాడు: నూటికి పది.

సాయంత్రం షిఫ్టు అయి పైకొచ్చినవాళ్ళు బోర్డు ముందు గుంపు కట్టారు. టోపీలు తీసి, వీరుడికి గౌరవంగా నమస్కారం పెట్టి వెళ్ళారు. మర్నాడు నూటికి పన్నెండు. ఆ మర్నాడు సుత్తి పాడైతే నూటికి ఏడు. పక్క గనివాళ్ళు కూడా సైకిళ్ళ మీద వచ్చి చూసిపోతున్నారు. ముంజేతి కంకణానికి అద్దం అక్కర్లేదు కదా!

విల్గాది తేలు కుట్టిన దొంగ పరిస్థితి. చివరికి తనే మా దగ్గరికి దిగి వచ్చాడు.

"ఎడ్వర్డ్, నీకు విశ్రాంతి కావాలి. ఆదివారం ఆట ఉంది. పైకి రా."

ఎవాల్డ్ మొహం తుడుచుకున్నాడు. అప్పటిదాకా ఈ వ్యవహారంలో తను ఏం చేస్తున్నాడో అతనికి తెలియదనే నేననుకుంటాను. తర్వాత కొందరు అదంతా అతను పన్నిన ఎత్తు అన్నారు. ఉత్తిదే. విల్గా మొహం మీద చెమట చూసినప్పుడే వెలిగింది అతనికి. బంతి ఎక్కడ పడబోతోందో కనపడింది.

"వద్దండీ. బొగ్గు కొట్టేవాడి చోటు ఇక్కడే కదా."

"నిన్ను జట్టులోంచి తీసేస్తాను!"

"తీసేయండి. గనిలోంచి మాత్రం ఎలా తీస్తారు? పేపర్లో వేశారు."

"నీ కాళ్ళు పట్టుకుంటా, పని ఆపరా బాబూ!"

పని మానమని పార్టీ కార్యదర్శి శ్రామికుణ్ణి బతిమాలడం నేను చూశాను. నాతో పాటు ముఠా అంతా చూసింది. తెయోఫిల్ సుత్తి ఆపి, అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. దగ్గో నవ్వో తెలియలేదు.

కొన్నాళ్ళకి నగరంనుంచి కమిటీ వచ్చింది. బోర్డు చూసింది, దగ్గింది, డైరెక్టరు గదిలో భోజనం చేసింది. తర్వాత గేటు దగ్గర కొత్త నోటీసు: భూమి పొరల స్వభావంలో వచ్చిన మార్పుల వల్ల పాత లెక్కే మళ్ళీ అమలవుతుంది. రెండు నెలల్లో భూమి పొరలు మారిపోయాయట! ఎవాల్డ్ పేరు ఎత్తలేదు. బోర్డు మాత్రం రాత్రికి రాత్రి మాయమైంది. విల్గాకి శిక్ష పడిందనుకునేరు. పంచదార మిల్లుకి డైరెక్టరుగా పంపారు. అక్కడా ఫుట్‌బాల్ జట్టు ఉందట.

ఎవాల్డ్‌ని "పోరాట పటిమ లేదు" అని జట్టులోంచి తీసేశారు. అతని బదులు కొత్త ఫార్వర్డ్‌ని తెచ్చారు. ఆ కుర్రాడు మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి గుర్రంలా పరుగెత్తేవాడు. గోల్ మాత్రం పడేది కాదు. ఆ ఏడు మా జట్టు కింది తరగతికి దిగిపోయింది. ఇక చూడాలి మా కాలనీని. ఏ నోళ్ళు ఆ రోజు మూతబడ్డాయో, ఏ నోళ్ళు నవ్వాయో, ఆ నోళ్ళే మొదలెట్టాయి: "ఆ గుంజగాడు గనిలో ఏం ఉద్ధరిస్తున్నాడట? వచ్చి కాసేపు నిలబడితే వాడి సొమ్మేం పోయింది?" మంగలి గెరార్డ్ అతనికి రెండు బుగ్గలూ గీసి, డబ్బులు వద్దని, మళ్ళీ ఆడమని బతిమాలాడు. త్రూదా ఒప్పుకోలేదు.

గనిలోనే ఉండిపోయాడు. నూటికి అరవై దాకా ఎదిగాడు, అంతకుమించి ఎప్పుడూ పోలేదు. మా ముఠాకి అతను భారమే. అయినా పంచుకున్నాం. మోకాలు దెబ్బతిన్నాక దీపాల గదికి మార్చారు. అక్కడ కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీ చూడగానే అతని కళ్ళలో వచ్చిన వెలుగు గోల్ కొట్టినప్పుడు కూడా చూడలేదు నేను. శ్రామిక వీరుడి పతకం కూడా వచ్చింది. పేపర్లో వచ్చింది కాబట్టి ఇవ్వక తప్పలేదు. తెయోఫిల్‌కి ఏ పతకమూ రాలేదు. ఎవాల్డ్ పింఛను లెక్కకట్టినప్పుడు, గనిలోకి దిగని ఏళ్ళన్నీ కూడా కలిపారు. ఆ ఏళ్ళు తీసేయండి అని చెప్పేంత మంచివాడు కాడు. చెప్పమని త్రూదా కూడా అనలేదు.

తెయోఫిల్ ఊపిరితిత్తులు బొగ్గుపొడికి రాయి కట్టాయి. ఆఖరి చలికాలంలో తనుండే మూడో అంతస్తు నుంచి కిందికి దిగలేకపోయాడు. రోజూ పొద్దున్నే కిందనుంచి బొగ్గు బకెట్టు మోసుకెళ్ళింది ఎవాల్డే, ప్రతి మలుపులోనూ ఆగి రొప్పుతూ. ఒకరోజు నేను అక్కడే ఉన్నాను.

"ఇంత ఆలస్యమేంరా అల్లుడా? స్టవ్ ఆరిపోయింది" అన్నాడు ముసలాయన.

"మెట్లు ఎక్కువున్నాయి మామా."

"ఒడుపు తెలియాలంతే."

ఇద్దరూ నవ్వారు. ఒకరు దగ్గుతూ, ఒకరు రొప్పుతూ.

ఫిబ్రవరిలో పోయాడాయన. గని బ్యాండు వాయించింది, మేం ఈకల టోపీలు పెట్టుకున్నాం. శ్మశానం గుట్టమీద ఉంది, దారంతా మంచు గడ్డకట్టి ఉంది. పెట్టె మోసిన ఆరుగురిలో ఎవాల్డ్ ముందు కుడివైపు. సగం దారిలో మార్చుకుందాం రా అని నేను వెళితే తల అడ్డంగా ఊపాడు. పైదాకా తనే మోశాడు.

మర్నాటినుంచి నడుంనొప్పని వారం రోజులు మంచం దిగలేదు. త్రూదా మంచం దగ్గరికే కుడుములు తెచ్చి పెట్టింది. చూడటానికి వెళ్ళినవాళ్ళందరికీ, అసలు బరువంతా తన భుజం మీదే పడిందని, మిగతావాళ్ళు ఊరికే చేతులు ఆనించారని చెప్పాడు.